సుడి మంచిగున్న ఎద్దు

పెద్దమందడి చుట్టుపక్కల ఎవరు ఎద్దును కొనాలన్నా కుర్మయ్యను వెంటబెట్టుకుపోవాల్సిందేనని పేరు. ఆ పేరు పుట్టించింది కూడా కుర్మయ్యే. ఒకసారి తన కోసమే అయిజ సంతకు పోయి ఒక ఎద్దు పళ్ళు చూశాడు, గిట్టలు తట్టాడు, నుదుటి మీద సుడి చూసి మురిసిపోయి కొనేశాడు.

దొడ్లోకి వస్తూనే ఎద్దు ఎడమ పక్కనున్న గుంజను గుద్దుకుంది. కుర్మయ్య భార్య లలితమ్మ దాని ఎడమ కంటి ముందు కొంగు ఆడించింది. ఎద్దు రెప్ప వేయలేదు.

"గింత పెద్ద కన్ను గానరాలేదా నీకు?" అంది.

నుదుటి సుడికీ ఆ కంటికీ నడుమ జానెడు కూడా లేదు. తనను తాను తిట్టుకుందామన్నా సరిపోయే తిట్టు కుర్మయ్యకు దొరకలేదు.

మరుసటి వారం ఎద్దును అమ్మేయడానికి అదే సంతకు తోలుకుపోయి, ఆ కన్ను కనపడకుండా అడ్డంగా నిలబడ్డాడు. తనలాంటి మొనగాడు ఒక్కడైనా రాకపోతాడా అనుకున్నాడు. వచ్చాడు. పళ్ళు చూశాడు, గిట్టలు తట్టాడు, సుడి చూసి మురిసిపోయాడు. అద్దంలో తన మొహం చూసుకున్నట్టయి కుర్మయ్యకు ఒళ్ళు మండింది. పక్కకు జరిగాడు.

"అన్నా, దీనికి ఎడమ కన్ను కనపడదు. జర చూసుకో."

అతను తలైనా తిప్పలేదు.

"ఎద్దుల సంగతి నాకే చెప్తవా? సుడి గింత మంచిగున్నంక కన్ను జూసుడెందుకు?"