అరగంట దారి

గోథెన్‌బర్గ్‌లో ఏ వీధి మరుగుదొడ్డి ఎన్నింటికి మూస్తారో గున్‌వోర్‌కి కంఠతా వచ్చు. పన్నుల ఆఫీసులో ఆమె కుర్చీ కూడా అక్కడి మరుగుదొడ్డికి ఎనిమిది అడుగుల దూరంలోనే ఉంటుంది. పొద్దున్నే కాఫీ తాగాలా వద్దా అన్నది ఆమెకు రోజూ పెద్ద సమస్యే. కడుపు ఎప్పుడు మెలిపెడుతుందో, ఎప్పుడు పరుగెత్తిస్తుందో దానికే తెలియదు.

పదకొండేళ్ళుగా ఆమె అక్క మైకెన్ ఉండే దీవికి వెళ్ళలేదు. అక్కడికి వెళ్ళేది ఒక్క టపా పడవే. నలభై నిమిషాల ప్రయాణం, పడవలో మరుగుదొడ్డి లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి ఏటా ఏదో సాకు చెప్పేది.

"నీకు పనుంది, జలుబుంది, పిల్లి ఉంది. నేనే లేను," అంది మైకెన్ ఫోన్లో. "ఈ నడివేసవి పండక్కీ రాకపోతే ఇక నిన్ను పిలవనే పిలవను, పో!"

ఆ మాటతో గున్‌వోర్ ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసింది. "పుండు లేదు, వాపు లేదు. నీ పేగులు అలిగాయి. నడిస్తే కొందరికి నెమ్మదిస్తుంది, చూద్దాం," అని చీటీ రాసింది. అరగంట నడక, వారానికి ఐదు రోజులు, పన్నెండు వారాలు.

అలాంటి చీటీ ఎవరూ మందుల షాపుకి తీసుకెళ్ళరు. కానీ గున్‌వోర్ పద్ధతి తప్పని మనిషి. చీటీ అన్నాక నంబరు తీసుకుని వరసలో నిలబడాల్సిందే.

షాపు కుర్రాడు చీటీ చూసి, లోపల్నుంచి కట్టుగుడ్డ చుట్టలాంటిది తెచ్చాడు. "అరగంట దారి. గుమ్మం బయటే విప్పు. ఇంట్లో విప్పితే సోఫా కూడా దాటలేవు."

"ఎటు వెళ్తుంది?"

"దాని ఇష్టం."

వరసలో వెనకున్నాయన తొంగిచూశాడు. "నీకు చదునుది ఇచ్చారు. నాకు కిందటిసారి అన్నీ మెట్లే!"

మొదటి రోజు దారి ఆమెకు తెలిసిన మరుగుదొడ్లన్నింటికీ దూరంగా, తెల్ల బెరడు భూర్జచెట్ల మధ్యకి పోయింది. గున్‌వోర్ చెమటలు కక్కుతూ నడిచింది. సరిగ్గా అరగంటకి దారి ఆమెను ఇంటి ముందే దింపింది. మర్నాడు రైలు పట్టాల వెనక్కి, ఆపైన ఎవరివో ఆపిల్ తోటల్లోకి. మూడో వారానికి ఆమె కాఫీ తాగి మరీ చుట్ట విప్పేది. భయం కంటే ముందు కుతూహలం నిద్ర లేచేది. ఆరో వారంలో కడుపు రెండుసార్లు పాతబుద్ధి చూపించింది. దారి మాట్లాడకుండా ఆమెను దగ్గరి మలుపులోంచి ఇంటికి తెచ్చేసింది.

చుట్టలో చివరి మిగులు పండగ నాటికి వచ్చింది. ఆ రోజు దారి రేవు దాకా వెళ్ళి, ఆగకుండా నీళ్ళ మీదకి పరుచుకుంది.

గున్‌వోర్ చుట్టూ చూసింది. ఎక్కడా ఒక్క మరుగుదొడ్డి తలుపూ లేదు. అయినా అడుగు వేసింది.

"కాస్త ఎడంపక్కగా నడువు, పడవొస్తోంది!" అని అరిచాడు టపా పడవ నడిపే ఆయన.

దారి మైకెన్ గుమ్మం దగ్గర అయిపోయింది. అక్క కత్తితో బంగాళాదుంపల తొక్క గీకుతోంది.

"ఏ పడవకొచ్చావే?"

"నడిచొచ్చా. డాక్టరమ్మ రాసిచ్చింది."

"బూట్లు తడిశాయి. బయటే విప్పు."

బూట్లు విప్పుతూనే గున్‌వోర్ పదకొండేళ్ళ సంగతీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మైకెన్ చేతిలో కత్తి ఆగిపోయింది.

"పిచ్చిదానా! కడుపు బాగాలేదంటే నేనే వచ్చేదాన్ని కదే. నన్ను వదిలేశావనుకున్నా," అని కళ్ళు తుడుచుకుంది.

అంతలో గున్‌వోర్ కడుపు గట్టిగా గురగురమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఎడంపక్క తలుపు," అంది మైకెన్ గబగబా.

గున్‌వోర్ పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు విన్నది.

"అది కాదక్కా," అంది. "ఆకలి."