పాతదాని మీదే వేసెయ్యమ్మా

మూడో గుండీ దగ్గర భార్య చెయ్యి ఆగింది.

"ఇవాళ ఇలా వణికిపోతున్నారేమిటి?"

ఆయన గడ్డం పైకెత్తి మిగతా గుండీలు కూడా పెట్టించుకున్నాడు. రెండేళ్లుగా ఆయన చొక్కా గుండీలు పెట్టేది ఆవిడే. జ్వరంతో పడుకుని లేచిన ఒక ఉదయం కుడిచేతి వేళ్లు ఆయన మాట వినడం మానేశాయి. మణికట్టు తిరుగుతుంది, అరచెయ్యి కదులుతుంది, వేళ్లు మాత్రం అలిగిన చుట్టాల్లా ముడుచుకుని కూర్చుంటాయి. ఈ సంగతి ఆవిడకీ డాక్టరుకీ తప్ప మూడోకంటికి తెలియదు.

"ఆఫీసులో చెప్పేయకూడదూ? వాళ్లూ మనుషులే కదా."

"చెప్పి ఇంట్లో కూర్చోమంటావా?" అన్నాడు విసుగ్గా. ఆ విసుగంతా భయమేనని ఆవిడకి తెలుసు. సంచీ తెచ్చి ఎడమ భుజానికి తగిలించింది.

నీటి పైపులకీ పంపుహౌసులకీ నక్షలు గీసే ఆఫీసు అది. ఆయన్ని అక్కడ అందరూ 'గీతల మాస్టారు' అంటారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆయన పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. అరచేత్తో మౌసును నెడతాడు. దాని మీటలు నొక్కే పని మాత్రం కీబోర్డులో ఎడమచేతి కింద ఉన్న ఒక అక్షరానికి అప్పగించాడు. ఆ పక్క అక్షరం నొక్కితే వాల్వు పడుతుంది, ఇంకోటి నొక్కితే పైపు వంపు తిరుగుతుంది. అందరూ టీకి వెళ్లిన వేళల్లో, ఒక్కొక్కటే, దొంగతనంగా ఆ మిషన్లో అమర్చుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా దూరం నుంచి చూస్తే మహా దర్జాగా పనిచేస్తున్నట్టే ఉంటుంది.

అంత దాపరికం ఎందుకంటే, నక్షలు సరిచూసే పెద్దాయన ఉదంతం ఆయన కళ్లారా చూశాడు. పెద్దాయనకి కంటి ఆపరేషనైతే మేనేజరు ఎంతో ప్రేమగా, "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. ఆ కొన్నాళ్లు ఇంకా అయిపోలేదు. కుర్చీలోకి మాత్రం వేరే మనిషి వచ్చేశాడు.

ఆయన వెళ్లేసరికి కంప్యూటర్లు చూసే అమ్మాయి ఆయన సీటు దగ్గరే నిలబడి ఉంది. గీసే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వస్తోందని తెలుసుగానీ, తన వంతు ఇంకా రెండు రోజులకి అనుకున్నాడు.

"మాస్టారూ, మీ మిషన్ మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించేస్తానండీ."

"ఎందుకమ్మా అంత శ్రమ? పాతదాని మీదే వేసెయ్యమ్మా."

"అలా వేసిన రెండు మిషన్లూ నక్ష తెరవగానే ఆగిపోతున్నాయండీ. పెచ్చులూడిన గోడకి సున్నం వేస్తే నిలుస్తుందా? అడుగు నుంచి రావాలి."

"నాది బాగానే ఉందమ్మా. ఆగిపోతే ఆగిపోనీ, నేను చూసుకుంటాలే."

అమ్మాయి ఆయన ముఖంలోకి చూసింది. మొండితనం కాదని తెలిసిందేమో, గొంతు తగ్గించింది. "మీరు సొంతంగా పెట్టుకున్నవి ఏమైనా ఉన్నాయా? చూపించండి. పక్కన దాచి, కొత్తదాంట్లో మళ్లీ పెట్టేస్తాను. పెద్ద పనేం కాదు."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వెనక మేనేజరు బూట్ల చప్పుడయింది. చూపిస్తే, ఇన్ని ఎడమచేతికే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే వెనకాయన వింటాడు.

"నా దగ్గర దాచుకోవాల్సినవి ఏముంటాయమ్మా? తుడిచెయ్యి," అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానమొచ్చింది.

మధ్యాహ్నానికి మిషన్ సిద్ధమైంది. తెర ఖాళీగా, తళతళలాడుతూ ఉంది. మేనేజరు వచ్చి పక్కనే నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆ పంపుహౌసులో వాల్వు కాస్త ఇటు జరపండి. సైటు వాళ్లు లైన్లో ఉన్నారు."

ఆయన అరచేత్తో మౌసును వాల్వు మీదికి నెట్టాడు. ఎడమచేత్తో అలవాటైన అక్షరం నొక్కాడు. వాల్వు కదల్లేదు. తెర అడుగున ఎఫ్ అని పడింది. మళ్లీ నొక్కితే మరో ఎఫ్. మౌసును ఎడమచేతిలోకి తీసుకుందామంటే, ఇంట్లో ప్రయత్నించి చూశాడు, బాణం గుర్తు తాగినవాడిలా తూలుతుంది. ఇక చేసేదిలేక మణికట్టు ఎత్తి వేళ్లను మౌసు మీద కొట్టాడు. వాల్వు ఎగిరి ఎక్కడో గోడ అవతల పడింది.

మేనేజరు నవ్వాడు. నిజంగానే మంచి నవ్వు. "కొత్తది కదా మాస్టారూ! కొన్నాళ్లు నెమ్మదిగానే చేయండి. ఇవాళ్టికి అది వేరేవాళ్లకి ఇస్తాను."

ఆయన చెవిలో పడింది 'కొన్నాళ్లు' అన్న ఒక్క మాటే. కాసేపు ఆ ఎఫ్‌ల వరస వంక చూస్తూ కూర్చున్నాడు. వెళ్లమనేదాకా ఉండి అనిపించుకోవడం కంటే ముందే లేచిపోవడం మేలనిపించింది. లేచి మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"రేపట్నుంచి రాలేనండీ. కళ్లు సరిగ్గా ఆనడం లేదు."

"అదేమిటి మాస్టారూ? డాక్టరుకి చూపించుకోండి, సెలవు పెట్టుకోండి..."

"పర్వాలేదండీ," అంటూనే బయటికి వచ్చేశాడు. ఇంకొక్క ప్రశ్న అడిగితే ఏడ్చేస్తానని ఆయన భయం. సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని, ఎవరికీ చెప్పకుండా, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ సీటు ఇంకొకరికి సర్దడానికి అమ్మాయి వచ్చింది. కుర్చీ ఎత్తు తగ్గించింది. బల్ల తుడిచింది. దుమ్ము దులుపుదామని మౌసు చేతిలోకి తీసుకుని, దీపం కిందికి తెచ్చి, అలాగే నిలబడిపోయింది. అరచెయ్యి ఆనే వీపంతా అరిగి, నలుపు పోయి, తెల్లగా మెరుస్తోంది. ముందున్న రెండు మీటలు మాత్రం నిన్న కొన్నట్టు గరుగ్గా, నల్లగా ఉన్నాయి.