వేలిముద్ర వేయించిన ఉయ్యాల

నేను ఒక ఉయ్యాలని. వెండి గొలుసులూ పట్టు పరుపులూ ఉన్నదాన్ని కాదు. విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో, ఆడకూలీల పిల్లల కోసం పుట్టినదాన్ని. నన్ను చేసినవాడు ఫిట్టరు సన్యాసిరావు. పాత నీళ్ల గొట్టాలు కోసి, వెల్డింగు పెట్టి, నాలుగు కాళ్ల మీద నిలబెట్టాడు. మిల్లులోనే నేసిన సన్న గోనెగుడ్డని ఆడవాళ్లు రెండు మడతలు వేసి నాకు పక్కగా కుట్టారు. అలాంటి ఉయ్యాలలం మొత్తం ఆరుగురం. కిటికీ పక్కన చోటు నాకే దొరికింది. ఆ గర్వం నాకు బాగానే ఉండేది, ఇప్పుడు దాచుకుని ఏం లాభం!

మొదటి రోజు మేనేజరుగారు వచ్చి నాకు బంతిపూల దండ వేసి ఫొటో తీయించారు. పిల్లల్ని చూసుకోవడానికి పెట్టిన ఆయా సూరీడమ్మ నా పక్కనే నిలబడితే, ఫొటోకి అడ్డమని ఆవిణ్ణి పక్కకి జరగమన్నారు. గొట్టాలకి దండ, మనిషికి గెంటు. మనుషుల మర్యాదలు ఇలా ఉంటాయని ఆ రోజే తెలుసుకున్నాను.

నాలో పడుకున్న పాప పేరు గౌరి. రెండు నెలల పిల్ల. తల్లి ఎర్నమ్మ, దారం చుట్టే విభాగంలో పనిచేసేది. అంతకుముందు ఆడవాళ్లు పిల్లల్ని మిషన్ల పక్కనే గుడ్డ పరిచి పడుకోబెట్టేవారు. గాలి నిండా నార దుమ్ము. ఎర్నమ్మ పెద్దబిడ్డ ఆ దుమ్ములోనే దగ్గి దగ్గి ఏడాది నిండకుండా పోయిందట. అందుకే గౌరిని మొదటిసారి నాలో పడుకోబెట్టినప్పుడు ఆమె చాలాసేపు కదల్లేదు. పిల్ల ఊపిరి వింటూ నిలబడింది.

మూడు గంటలకోసారి పాలివ్వడానికి వచ్చేది. చేతులకి అంటిన నూనె జిడ్డు పోయేదాకా సబ్బుతో రుద్దుకుని మరీ పిల్లని ఎత్తుకునేది. అప్పటిదాకా ‘ఆళ్ల మిల్లు’ అనే మనిషి ‘మన మిల్లు’ అనడం మొదలుపెట్టింది. సైరన్ మోగాక కూడా, తెగిన దారం ఉంటే ముడేసి గానీ కదిలేది కాదు. అలా చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కార్మిక సంఘం వాళ్లు సమ్మెకి పిలిస్తే, గౌరి పడుకునే గది మూతపడుతుందని గేటు దగ్గరే ఎదురు తిరిగింది.

“నా గుంట తొంగున్న సోటికి తాళాలెయ్యమంటారేటి? నాను రాను” అంది.

ఇదంతా నా గొప్పే అనుకుని నేను మురిసిపోయాను.

గౌరికి ఏడో నెల వచ్చేసరికి మేనేజరు మారాడు. కొత్తాయనకి మా గది సరుకు నిల్వకి కావాలి. కానీ ముప్పైమందికి పైగా ఆడవాళ్లుంటే పిల్లల గది ఉండి తీరాలని చట్టం. మా మిల్లులో ముప్పైనలుగురు. ఆయన గదిని ముట్టుకోలేదు, మనుషుల్ని లెక్కలోంచి తప్పించే ఉపాయం ఆలోచించాడు.

ఒకరోజు గుమాస్తా కాయితాలు పట్టుకుని సరిగ్గా పాలిచ్చే వేళకి మా గదికే వచ్చాడు. పదిమంది పేర్లు కంట్రాక్టరు కింద రాస్తున్నామని, పని అదేనని, మిషను అదేనని, ఏమీ మారదని చెప్పి వేలిముద్రలు వెయ్యమన్నాడు. ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు.

“ఎవులి సేతైనా సదివించుకుని ఎయ్యండే” అని సూరీడమ్మ మెల్లిగా అంది.

ఎర్నమ్మ నవ్వింది. “ఓలప్పా, మన పిల్లలికి ఉయ్యాలలిచ్చిన మిల్లు మనకి అన్నేయం సేస్తాదేటి? ముందు నాను ఏస్తాను. ఇటు తే బావూ.”

ఒడిలో గౌరి పాలు తాగుతూనే ఉంది. కాయితం నా గొట్టం మీద ఆనించి ఆమె వేలిముద్ర వేసింది. ఆమెని చూసి మిగతా తొమ్మిదిమందీ వేశారు. నేను ఎవరినీ మోసం చేయలేదు. నన్ను చూపించి మోసం చేశారు. ఈ రెండిటికీ తేడా ఉందని ఎన్నిసార్లు చెప్పుకున్నా నా మనసు ఊరుకోదు.

నెల తిరక్కుండా గదికి తాళం పడింది. మిల్లు పుస్తకంలో ఆడవాళ్లు ఇప్పుడు ఇరవైనలుగురే, ఇక గది అక్కర్లేదన్నారు. ఎర్నమ్మ మేనేజరు దగ్గరికి పరిగెత్తితే, “నీ పేరు మా దగ్గర లేదమ్మా, కంట్రాక్టర్ని అడుగు” అన్నాడు. బయటికి వచ్చాక తోటివాళ్లు చుట్టుముట్టారు.

“నీ మాట ఇనే కదే ఏసినాం!”



మమ్మల్ని గేటు పక్క రేకుల షెడ్డులో పడేశారు. సూరీడమ్మకి వాకిళ్లు ఊడ్చే పని ఇచ్చారు. దుమ్ములో మరో బిడ్డని పెట్టలేక ఎర్నమ్మ గౌరిని కొండల పక్క ఊళ్లో తన తల్లి దగ్గర వదిలేసి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి, పాల వేళకి రవిక తడిసిపోయి, షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వచ్చేది. గోడవైపు తిరిగి పాలు పిండి, కుళాయి తిప్పి కడిగేసేది. పదిహేను రోజులు అలా వచ్చింది. తర్వాత రావడం మానేసింది. పాలు ఎండిపోయాయి కాబోలు.

ఇప్పుడు సైరన్ మోగితే ఆమె చెయ్యి మిషను వదిలేసేది. తెగిన దారం తెగినట్టే వేలాడేది. ఈ ఆడవాళ్లకి బొత్తిగా విశ్వాసం లేదని మేనేజరు గేటు దగ్గర ఎవరితోనో వాపోయాడు. నాకు నోరుంటేనా!

నాలుగు నెలలకి సెలవు దొరికి బిడ్డని చూసి వచ్చింది. షెడ్డు ముందు సూరీడమ్మ అడిగింది, పిల్ల ఎలా ఉందని.

“ఎత్తుకోబోతే ఏడిసింది అప్పా. మాయమ్మ కొంగెనక దాక్కుంది. నానెవులో దానికి తెలీలేదు.”

ఎర్నమ్మ ఏడవలేదు. సూరీడమ్మే చీపురు కింద పడేసి ఏడ్చింది. నా గుండె ఆ రోజు పగిలింది. ఉయ్యాలకి గుండేమిటని మీరు అనుకుంటే అనుకోండి.

చివరికి మమ్మల్ని తుక్కుకి వేశారు. లారీ వచ్చిన రోజు సన్యాసిరావు ఎర్నమ్మని పిలిచి, “నా సేత్తో సేసినాను సెల్లీ, అట్టుకెల్లు. ఒకటి ఉంచుకోడానికి మేనేజరు ఒప్పుకున్నాడు” అన్నాడు. ఆమె దగ్గరికి వచ్చి నన్ను ఒక్క ఊపు ఊపింది. ఖాళీగా ఊగాను.

“వద్దన్నా. దీన్ని సూత్తే ఆళ్లు మంచోళ్లనిపిత్తాది నాకు” అని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు తుక్కు దుకాణంలో ఉన్నాను. దుకాణంవాడు నన్ను తట్టి చూసి, గట్టిగానే ఉంది, కరిగించడం దండగ అన్నాడు. ఏదో కొత్త ఫ్యాక్టరీవాళ్లు ఉయ్యాలల కోసం తిరుగుతున్నారట. నన్ను విరిచేయండయ్యా అని రోజూ మొత్తుకుంటున్నాను. ఇవాళ అతను పసుపు రంగు డబ్బా తెచ్చి నా పక్కన పెట్టాడు.