ఆర్విడ్ బాయిలర్‌కు సర్కారు తనిఖీ

మా కార్బిన్ ఫాల్స్ బడి గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్ సంగతి చెబితే మీరు నమ్మరు. ఒక జనవరిలో అది పుట్టించిన వేడికి చుట్టూ మంచు కరిగిపోయి, వసంతం వచ్చిందనుకున్న ఎలుగుబంటి ఒకటి చలికాలపు నిద్ర లేచి, ఒకటో తరగతిలో కూర్చుని హాజరు పలికింది. నేను కళ్లారా చూశాను.

ఆ బాయిలర్‌ను నలభై ఒక్క ఏళ్లుగా సాకుతున్నవాడు నా చిన్ననాటి స్నేహితుడు ఆర్విడ్ కాస్కి. ఇనుప గని మూతపడ్డాక పన్నులు రాక, మా బడిని నడిపే స్కూలు జిల్లా అప్పుల్లో కూరుకుపోయింది. అలాంటి జిల్లా రాష్ట్రం అనుమతి లేకుండా ఒక్క డాలరు కూడా అప్పు చేయకూడదు. పిల్లలకు ప్రమాదం ఉందనీ వేరే దారి లేదనీ రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి స్వయంగా చూసి రాస్తేనే అనుమతి. కారుతూ మూలిగే ఆ పాతదాని బదులు కొత్త బాయిలర్‌కు అప్పు పుట్టకపోతే ఆ చలికాలమే బడికి తాళం. పిల్లలు నలభై మైళ్ల అవతలి హోబర్ట్ బడికి పోవాలి. హాకీలో ఏనాడూ మమ్మల్ని గెలవలేని హోబర్ట్‌కి!

స్కూలు బోర్డు అధ్యక్షురాలు మార్లిస్ శుక్రవారమే ఆర్విడ్‌ను హెచ్చరించింది. “ముసలాయనా, సోమవారం తనిఖీకి రాష్ట్రం నుంచి ఒకావిడ వస్తోంది. నీకు దణ్ణం పెడతాను, దాని మీద చెయ్యి వెయ్యకు. ఎలా ఏడుస్తోందో అలాగే ఏడవనీ.”

ఆర్విడ్ బుద్ధిగా తలూపాడు.

సోమవారం ఆవిడతో కలిసి మేం బడి నేలమాళిగలోకి దిగేసరికి బాయిలర్ పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. కారే గొట్టం కారడం లేదు. చప్పుడు పిల్లి గురకంత మెత్తగా ఉంది.

“ఏం చేశావురా దరిద్రుడా?” అన్నాను చెవిలో.

“పరాయి మనిషి వస్తుంటే దాన్ని మసిమొహంతో నిలబెట్టమంటావా?”

రాష్ట్రం నుంచి వచ్చిన టిబ్స్ గారు కలం మూసేశారు. “ఇది చక్కగా నడుస్తోందిగా. అప్పుకి నేను ఒప్పుకోలేను.”

మార్లిస్ గోడకు ఆనుకుపోయింది. తను చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చి ఆర్విడ్ టోపీ తీసి చేత్తో నలపసాగాడు.

“ఇది బాగుచేసిందెవరు?” అడిగారావిడ.

“నేనేనమ్మా. శని, ఆదివారాలు కూర్చుని.”

“విడిభాగాలు?”

“చేసే కంపెనీ ఎప్పుడో పోయింది. నా ట్రాక్టర్‌లోంచి కోసి పెట్టాను.”

“మీరు కాక ఇంకెవరైనా దీన్ని నడపగలరా?”

ఆర్విడ్ ఛాతీ విరిచాడు. “ఈ రాష్ట్రంలోనే లేడు.”

“మీ వయసెంత?”

“డెబ్బై ఎనిమిది.” మా వైపు చూడకుండా అన్నాడు. “వేసవిలో గుండె ఒకసారి మొరాయించింది. వీళ్లకి చెప్పలేదు. చెబితే నన్ను ఇక్కడికి దిగనివ్వరని.”

టిబ్స్ గారు మళ్లీ కలం తెరిచారు.

మూడు వారాలకు అనుమతి వచ్చింది. బడి నిలిచింది. ఆ కాగితం నకలు ఆర్విడ్ చొక్కా జేబులోనే ఉంటుంది. కాఫీ హోటల్లో ఎవరడిగినా చదువుతాడు, అడక్కపోయినా చదువుతాడు: “ఈ బడి పిల్లల వెచ్చదనం మొత్తం ఒకే ఒక్క మనిషి నైపుణ్యం మీద ఆధారపడి ఉంది. అతనికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఇది ప్రమాదం. వేరే దారి లేదు.”

“విన్నారుగా,” అంటాడు మడిచి జేబులో పెట్టుకుంటూ. “సర్కారు లెక్కలో ఆ ప్రమాదం నేనేరా!”

ఆ మాటకి అతని కాఫీ డబ్బులు ఎవరో ఒకరం ఇచ్చేస్తాం.