ముందు తీసినవాడు ఓడినట్టు

నేను ఒక తాళాన్ని. ఇత్తడి ఒళ్లు, ఇనుప కొక్కెం. ఉత్తరాదిన ఎక్కడో పోతపోసి, ఆకురాయితో రుద్ది, అట్టపెట్టెలో పంపారు. పలాస బజారులో ఇనుప కొట్టు ముందు వేలాడుతుంటే తవిటమ్మ కొన్నది. చేతిలో తూచి చూసి, "బరువున్నాది, పర్లేదు" అన్నది.

ఆమె వేళ్లు జీడి రసానికి కాలి నల్లబడి ఉన్నాయి. ఆ వేళ్లతోనే ఇంటి అరుగు మీద గింజలు కొట్టడం మొదలుపెట్టింది. తర్వాత భర్త కూర్మయ్యని, మరిది దాలయ్యని కలుపుకుని జీడిపప్పు కార్ఖానా పెట్టింది. కాగితాల్లో ముగ్గురూ భాగస్వాములు. తెల్లారి నన్ను తీసేదీ, పొద్దుగూకాక వేసేదీ మాత్రం ఆమే.

అన్నదమ్ములకు చెడింది. కార్ఖానా వెనక గింజలు ఎండబోసే కళ్లం ఎవరిదన్నది మొదటి మాట. ఆ మాట కార్ఖానా దాకా పాకి కోర్టుకెక్కింది. కూర్మయ్య దావా వేశాడు, పెళ్లాం పేరు కూడా తన పక్కన రాయించాడు. ఆమెని అడిగినట్టు నాకు గుర్తులేదు. ఒక పొద్దున దాలయ్య వచ్చి నా పక్కనే ఇంకో తాళం వేశాడు, మెరిసే స్టీలుది. ఆ రోజు నుంచి నా చెవిని కూర్మయ్య తన దగ్గరే పెట్టుకున్నాడు. తీర్పు వచ్చేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచమని జడ్జిగారు చెప్పారు. ఆ ఏటి గింజలన్నీ బస్తాల్లో లోపలే ఉండిపోయాయి. అవి పాడైతే రెండిళ్ల పొయ్యిలూ ఆరిపోతాయని ఊరికంతా తెలుసు. కానీ ముందు తాళం తీసినవాడు స్వాధీనం వదులుకున్నట్టేనని ఇద్దరు వకీళ్లూ తమ తమ మనిషికి చెప్పి ఉంచారు.

తుపాను వచ్చింది. మధ్యాహ్నానికి కప్పు రేకులు లేచిపోయాయి. వాన తిన్నగా బస్తాల మీద పడుతోంది. అన్నదమ్ములు తాళంచెవులు పట్టుకుని పరుగెత్తుకొచ్చి తలుపు ముందు ఆగిపోయారు.

"తియ్యరా," అన్నాడు కూర్మయ్య.

"నువ్వే తియ్యన్నియ్యా. పెద్దోడివి కదా."

"ఇప్పుడొచ్చిందేటి పెద్దరికం? తాళమేసిననాడు నేదా?"

"నాను తీస్తే రేపు నువ్వు జడ్జీకి ఏటి చెప్తావో నాకు తెల్దేటి?"

తవిటమ్మ గొడ్డలి పట్టుకుని వచ్చింది. "సిగ్గునేదా మీకు? లోపల గింజలు మొలకలెత్తుతుంటే బోయినాల బంతి కాడ వియ్యంకుల్లాగ 'ముందు మీరు, ముందు మీరు' అనుకుంటన్నారా? తప్పుకోండి!"

గొడ్డలి నా మీదికి ఎత్తింది. సంతోషించాను. దెబ్బ పడలేదు.

"కోర్టు ఆర్డరున్న తలుపే అది! జైల్లో ఎట్టేస్తారు," అని కూర్మయ్య ఒక చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దొదినా," అని దాలయ్య రెండో చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె బురదలోనే కూలబడి, గుమ్మం కింద నుంచి నల్లనీళ్లు కారడం చూస్తూ కూర్చుంది.

వానలు వెలిసి ఎండలు ముదిరాక కోర్టు పంపిన కమిషనరు వచ్చాడు. ఆయన ముందు కూడా ఎవరూ చెవి బయటికి తియ్యలేదు. వెంట వచ్చిన కోర్టు అమీనా రంపం తెప్పించి మా ఇద్దరి కొక్కేలూ కోయించాడు. లోపల గోతాలున్నాయి, బూజుంది, కంపుంది. గింజనదగ్గది ఒక్కటీ మిగల్లేదు. కమిషనరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని రాసుకుంటుంటే కూర్మయ్య ఆయన దగ్గరికెళ్లి అన్నాడు:

"బాబూ, ముందు ఏ తాళం కోసినారో అది రాయండి."

నన్నూ స్టీలుదాన్నీ ఒకే గుడ్డలో మూటకట్టి, చీటీ అంటించి, కోర్టు సామాన్ల గదిలో పడేశారు. మూటలో ఇద్దరం ఆనుకునే ఉన్నాం. మాకేం తగువు లేదు.

ఒక వాయిదాకి సాక్ష్యం కోసం మా మూటని హాల్లో బల్ల మీద పెట్టారు. కూర్మయ్య గుండు మీద వెంట్రుకలు ఇంకా మొలవలేదు. అతని వకీలు లేచాడు. ఆ వాన నాడు తడిసిన రెండో వాది తవిటమ్మ మళ్లీ కోలుకోలేదనీ, చనిపోయిందనీ, ఆమె పేరు దావాలోంచి కొట్టేయాలనీ అడిగాడు.

జడ్జిగారు అవతలి పక్షం వైపు చూశారు. ఆ పక్షం వకీలు దాలయ్య వైపు చూశాడు. దాలయ్య తల వంచుకునే ఊపాడు.

"అభ్యంతరం లేదండి," అన్నాడు వకీలు.

గుమాస్తా ఆమె పేరు మీద గీత కొట్టాడు. ఆ దావాలో అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్నది అదొక్కటే.