పన్నెండు కాలేజీలు

మెడికల్ సీటుకు కాలేజీలు ఎంచుకునే జాబితా సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. కరోనా భయంతో సూరత్ గోడాదరా పేటలోని కంప్యూటర్ దుకాణంలోకి ఒక్కొక్కరినే రానిస్తున్నారు. నాలుగుంబావుకు వినోద వంతు వచ్చింది. తెర మీద ఒకే ఒక్క పేరుంది, సూరత్ కాలేజీది.

"గిదొక్కటేంది చెల్లె?" దుకాణం నడిపే పరమేశ్ మాస్కు కిందికి లాగాడు. "నీ ర్యాంకుకు సూరత్‌ల కష్టం. ఇది రాకుంటే ఇంకేదీ ఇయ్యరు."

"నాయిన వద్దన్నడు," గొణిగింది వినోద.

తండ్రి బుచ్చిరాములు ఖాతా అని పిలిచే మగ్గాల షెడ్డులో ఇరవై ఏళ్లుగా సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. అక్కడ మంచి సాంచెలు కావాలంటే సేటు ముందు ఒక్క మాట మీదే నిలబడాలి. "అవి కాకుంటే ఇవైనా" అన్నవాడికి పాతవే అంటగడతారు. ఆ లెక్కతోనే నిన్న మిగతా పన్నెండు పేర్లూ దగ్గరుండి తీయించాడు.

"గీడ సేటు లేడు చెల్లె. పైనుంచి వరుసగ చూస్తరు. కింద ఎన్ని రాసినా పైది పోదు. కని మార్చాలంటే ఓటీపీ మీ నాయిన ఫోనుకే వస్తది."

తండ్రికి మూడుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. సాంచెల చప్పుడులో ఫోన్ వినపడదు.

వినోద పరుగెత్తింది. ఖాతా గుమ్మం దాటేసరికి నాలుగూ నలభై. తండ్రి ఆమెను చూసి ఏమైందన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఆమె చెప్పింది. వినపడలేదు. మళ్లీ చెప్పింది. ఇంట్లోనే ఆమె మాట పక్క గదికి చేరదు.

మాస్కు పీకేసి అరిచింది. "నాయినా! రెండోది రాస్తే మొదటిది పోదు! రాయకుంటేనే అన్నీ పోతయ్!"

పక్క సాంచె దగ్గర ఆగయ్య పకపకా నవ్వాడు. "బుచ్చన్నా, నీ బిడ్డకు గొంతున్నదిరో!"

బుచ్చిరాములు నవ్వలేదు. ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అంత దూరం జామ్‌నగర్ల సీటు పడితే? ఒక్కదానివి ఉంటవా?"

సేటు సంగతి కాదు, ఇదీ అసలు భయం. రాత్రంతా వినోదకూ అదే భయం.

"ఉంట!"

అతను జేబులోంచి ఫోన్ తీసిచ్చాడు. ఆమె బయటికి ఉరికి పరమేశ్‌కు ఫోన్ చేసింది. అంకెలు వచ్చాయి, చదివింది. "జర ఆగు… ఒక్కొక్కటి ఎక్కిస్తున్న…" నాలుగూ యాభై ఆరు. యాభై ఎనిమిది. "అయిపోయింది చెల్లె. పదమూడు."

వెనక్కి తిరిగితే తండ్రి. సాంచెలు ఆపి వచ్చాడు. కనుబొమల మీద నూలు దుమ్ము.

"జామ్‌నగర్‌కు బస్సు ఎన్ని గంటలు బిడ్డా?" అన్నాడు. జవాబు చెప్పేలోపే, "దాని తర్వాతి కాలేజేంది?" అంటూ మెట్టు మీద కూలబడ్డాడు.