మేస్త్రీ లేని కాలేయం

జూలై వచ్చిందంటే ఓర్హుస్ ఊళ్ళోని ఆ ప్రయోగశాలలో మనిషన్నవాడు కనపడడు. అందరూ సముద్రం ఒడ్డున చెక్క ఇళ్ళకి పోయి స్ట్రాబెరీలు మింగుతూ కూర్చుంటారు. ఎలుకలకి సెలవులుండవు కాబట్టి ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరు ప్రతి ఏడూ సోల్వాయే. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి కదా, సముద్రంతో ఏం పని అని అందరూ తేల్చేశారు. కాఫీ యంత్రం కూడా ఒక్క కప్పు కోసం లేపితే మూలుగుతూ పోసేది.

ఆవిడ ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఒకటే. కడుపులో పిల్లకి కాలేయం తయారవుతున్నప్పుడు మొదట్లో కణాలన్నీ ఒకేలా ఉంటాయి. వాటిలో కొన్నిటిని పిలిచి, మీరు గొట్టం కట్టండి, పైత్యరసం దాంట్లోంచే పోవాలి అని పురమాయించే ప్రోటీన్ ఒకటుంది. ఏ జన్యువు పనిలోకి దిగాలో, ఏది ముసుగుతన్ని పడుకోవాలో చెప్పే మేస్త్రీ అన్నమాట. సోల్వాయ్ ఎలుకల కాలేయంలో ఆ మేస్త్రీని లేకుండా చేసింది. పుట్టిన రోజున కోసి చూస్తే గొట్టాల్లేవు. ఎన్ని పిల్లల్ని చూసినా లేవు. మేస్త్రీ లేకపోతే గొట్టమే రాదని వ్యాసం రాసేసింది. సెలవులయ్యాక పత్రికకి పంపడమే తరువాయి. అది అచ్చయితేనే ఆవిడ ఉద్యోగం నిలిచేది.

ఈసారి జన్యుపరీక్ష చేసేవాళ్ళు కూడా సెలవు మీద పోయారు. ఏ పిల్లలో మేస్త్రీ ఉన్నాడో తేలక ఒక ఈత పిల్లలన్నీ బతికిపోయాయి. ఫలితం వచ్చేసరికి అవి ఐదు వారాల ఎలుకలు. రెండింట్లో మేస్త్రీ లేడు. సోల్వాయ్ వ్యాసం ప్రకారం అవి పచ్చకామెర్లతో ఎప్పుడో పోయుండాలి. ఆ సంగతి వాటికెవరూ చెప్పలేదేమో, అట్టముక్కలు కొరికి గూళ్ళు కట్టుకుంటున్నాయి.

ఒకదాన్ని కోసి చూసింది. గొట్టాలున్నాయి.

ప్రయోగశాల పెద్దాయన అస్గర్‌కి ఫోన్ చేసింది. ఆవిడ కాఫీ కప్పులో రబ్బరెలుకని పడేసి నవ్వే రకం ఆయన. వెనకాల మనవలు గోల చేస్తున్నారు. కంచెకి రంగేస్తున్నానని చెప్పి, ఫ్రీజర్ మళ్ళీ అలిగిందా అని అడిగాడు.

"గొట్టాలు వచ్చాయి అస్గర్. ఆలస్యంగా వచ్చాయి, అంతే."

అవతల కుంచె చప్పుడు ఆగింది.

"ఒక్క ఎలుకని పట్టుకుని ఏం చెబుతాం తల్లీ. ఇంకోటుందా?"

"ఉంది."

"చూస్తే చూడు. చూడలేదనుకో, నేనేం అడగను. వ్యాసం అలాగే పోతుంది. నీ ఉద్యోగం నీకుంటుంది."

ఆ ఇంకోటుంది చూశారూ, నెల్లాళ్ళుగా ఆవిడ మాట్లాడింది దానితోనే. ప్రయోగశాలలో ఎలుకలకి పేర్లు పెట్టరు. ఆవిడా పెట్టలేదు, ఏరా అనేది. దొంగతనంగా తన రై రొట్టె అంచులు పెట్టేది. గొంతు వినపడగానే అది మూతి ఎత్తుకుని పెట్టె ముందుకొచ్చి కూర్చునేది.

వదిలేస్తే అదీ బతుకుతుంది, ఉద్యోగమూ బతుకుతుంది. కానీ రేపెవడో డాక్టరు ఆ వ్యాసం నమ్మి, ఏ పసిగుడ్డునో పుట్టిన రోజునే చూసి, గొట్టం ఇక రాదని చేతులు దులుపుకుంటాడు.

ఆ సాయంత్రం రొట్టె మొత్తం దానికే పెట్టింది. మర్నాడు పని కానిచ్చింది.

ముక్కలు కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద పెట్టేసరికి వారం దాటింది. రక్తనాళం పక్కన గుండ్రంగా, ముద్దుగా, కణాలు చేతులు పట్టుకుని నిలబడ్డట్టు గొట్టాలు. అది ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూసే సూక్ష్మదర్శిని. ఎదుటివాళ్ళకి చూపించే బాణం గుర్తుని గొట్టం మీదికి జరిపింది.

"ఇదిగో, ఇక్కడ," అంది.

ఎదుటి కుర్చీ ఖాళీ. అస్గర్‌కి ఫోన్ చేసింది.

"రెండోదీ అంతే. వ్యాసం పంపొద్దు."

అలాంటి ఎలుకలు ఇంకా ఏమైనా మిగిలాయా అక్కడ అని అడిగాడు ఆయన.

"లేవు," అంది సోల్వాయ్. "ఇక్కడెవరూ లేరు."